పెరటి చెట్టు ఓడెక్కితే

అందరికీ నమస్కారం. విదేశాల్లో దొరికిన సోల్, యాసిడ్ జాజ్ రికార్డుల గురించి నాలుగు మాటలు చెబుతాను. సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల పాటల సంగీతం. యాసిడ్ జాజ్ సంగతి తర్వాత చెబుతాను.

1990లలో టోక్యోలో రికార్డుల షాపులోకి అడుగుపెట్టిన విదేశీయుడికి మొదట మింగుడుపడని సంగతి ఒకటుండేది. ఒకే ఆల్బమ్ రెండు అరల్లో కనిపించేది. ఒక అరలో జపాన్‌లో తయారైన ప్రతి. అట్టకు ఒక పక్కన నిలువుగా జపాన్ లిపి ఉన్న కాగితం పట్టీ, లోపల పాటల అనువాదం, ఒక చిన్న వ్యాసం. రెండో అరలో అదే ఆల్బమ్, అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో వచ్చినది. మన లెక్క ప్రకారం సముద్రం దాటి వచ్చిందే ప్రియం కావాలి. అక్కడ అదే చవక. దేశంలో తయారైన సీడీ రెండున్నర వేల యెన్లో మూడు వేల యెన్లో ఉంటే, దిగుమతి సీడీ అంతకంటే బాగా తక్కువకు వచ్చేది.

ఇందులో మాయ లేదు, చట్టం ఉంది. పుస్తకాలకు, పత్రికలకు, రికార్డులకు తయారీదారు ధర నిర్ణయిస్తే షాపువాడు దాన్ని తగ్గించి అమ్మకుండా కట్టడి చేసే వీలు జపాన్‌లో 1953 నుంచి ఉంది. దిగుమతి సరుకుకు ఆ కట్టడి లేదు. దానికి తోడు యెన్ విలువ. 1985లో డాలరుకు 240 ప్రాంతంలో ఉన్న యెన్, 1995 ఏప్రిల్ నాటికి 80కి చేరింది. అంటే పదేళ్లలో జపాన్ కుర్రవాడి జేబులోని నోటుకు అమెరికా సరుకు మూడింతలు వచ్చే రోజులొచ్చాయి. దేశీయ కంపెనీలు చూస్తూ ఊరుకుంటాయా? తమ ప్రతిలో ఒకటో రెండో అదనపు పాటలు చేర్చడం మొదలుపెట్టాయి. ఇక ఆ అదనపు పాట కోసం లండన్ అభిమానులు జపాన్ ప్రతిని ఎక్కువ ధర పెట్టి తెప్పించుకునేవారు. అక్కడిది ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి. మధ్యలో ఓడలవాళ్లం బతికాం.

నేను ఓడల్లో ఇంజినీరుగా పనిచేసినవాణ్ణి. సంగీతం నేర్చుకోలేదు, స్వరం చెబితే గుర్తుపట్టలేను. అయినా నిర్వాహకులు ఈ రికార్డుల గురించి మాట్లాడమన్నారు. ఇలాంటి సందర్భంలో అందరూ అభిరుచి గురించి మాట్లాడతారు. నాకు మాత్రం అభిరుచి కన్నా ముందు సరుకు కనబడుతుంది. ఏ పాట ఏ రేవులో దిగింది, ఎంతకు దిగింది, ఎవరి సంచిలో దిగింది. యాసిడ్ జాజ్ పుట్టుకంతా ఈ లెక్కల్లోనే ఉందని నా వాదన. ఒప్పుకోనివాళ్లు చివర్లో ప్రశ్నలు అడగండి.

యొకొహామా రేవులో ఓడ ఆగితే రైలెక్కి షిబుయాకు వెళ్లేవాణ్ణి. స్టేషనుకు దగ్గర్లోనే ఉదాగవాచో అనే పేట ఉంది. ప్రపంచంలో ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని రికార్డు షాపులు మరెక్కడా లేవని అప్పట్లో చెప్పుకునేవారు. మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళితే, మన ఇరానీ హోటల్లో నాలుగు బల్లలు పట్టేంత గది. అందులో గోడల నిండా రికార్డులు. ప్రతి రికార్డుకూ పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. కొన్నిటి మీద షాపు కుర్రవాళ్లు చేత్తో రాసిన చీటీలు. నాకు జపనీస్ రాదు గాని, చీటీలో ఆశ్చర్యార్థకాలు ఎన్ని ఉన్నాయో చూసి రికార్డు తీసేవాణ్ణి. ఆ కొలమానం చాలావరకు నమ్మదగ్గదే.

అక్కడి గొప్ప సౌకర్యం కొనకముందే వినడం. రికార్డు తీసుకెళ్లి కౌంటర్లో ఇస్తే, ఆ అబ్బాయి రెండు అరచేతుల మధ్య, అంచులు మాత్రమే తాకేలా పట్టుకుని బయటికి తీస్తాడు. వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా తిప్పి గీతలున్నాయేమో చూస్తాడు. కనబడితే మనకే వేలితో చూపిస్తాడు. అమ్ముకునేవాడు తన సరుకులోని లోపం తానే చూపించడం నేను అక్కడే చూశాను. తర్వాత మనకు హెడ్‌ఫోన్ ఇచ్చి ముల్లు దించుతాడు. ఆ విధంగా విన్నవాటిలో బ్రాండ్ న్యూ హెవీస్, ఇన్‌కాగ్నిటో అనే లండన్ బృందాల రికార్డులు ఉన్నాయి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎటు నడుస్తుందా అని చెవి రిక్కించి పెరిగిన తరం మాది. ఆ చెవికి ఈ సంగీతం కొత్తగా అనిపించలేదు. పాట పైన గాయని ఏం పాడుతున్నా, కింద బేస్ తన కథ తాను చెప్పుకుంటూ పోతుంది. ట్రంపెట్, శాక్సోఫోన్ మధ్యలో వచ్చి ఒక మాట అని తప్పుకుంటాయి. ఒంటికి ఊపు వస్తుంది, బుర్రకూ పని ఉంటుంది.

సరే, ఏమిటీ యాసిడ్ జాజ్? లండన్ డీజేలు 1980ల చివర్లో నడిపిన ఒక ఉద్యమం. 1988 ప్రాంతంలో అక్కడి యువతను యాసిడ్ హౌస్ అనే యంత్రాల మోత ఊపేస్తోంది. ఒక కార్యక్రమంలో ఆ మోత ముగిసిన వెంటనే గిల్స్ పీటర్సన్, క్రిస్ బ్యాంగ్స్ అనే ఇద్దరు డీజేలు టెక్సాస్‌కు చెందిన మికీ అండ్ ది సోల్ జనరేషన్ బృందం పాత రికార్డు ఒకటి, ఫంక్ అనే నాట్యపు ఊపున్న రకం, వేసి, ఇందాకటిది యాసిడ్ హౌస్ అయితే ఇది యాసిడ్ జాజ్ అని హాస్యమాడారని కథ. హాస్యం కాస్తా ఒక లేబుల్ పేరైంది, అంటే రికార్డులు వేసే సంస్థ పేరు. పీటర్సన్, ఎడ్డీ పిల్లర్ కలిసి నడిపిన ఆ సంస్థ నుంచే జమిరోక్వై బృందం తొలి సింగిల్, అంటే ఒక పాట కోసం వేసిన రికార్డు, 1992లో వచ్చింది. మీలో 1990ల చివర్లో ఎంటీవీ చూసినవాళ్లకు, కదులుతున్నట్టు కనిపించే నేల మీద పెద్ద టోపీ పెట్టుకుని జారుతూ నాట్యం చేసే మనిషి గుర్తుండాలి. ఆ బృందం గాయకుడే ఆయన. పీటర్సన్ 1990 నాటికే విడిపోయి టాకిన్ లౌడ్ లేబుల్ పెట్టాడు.

ఇక్కడ మన విషయానికి కావలసిన ముక్క చెబుతాను. ఈ బృందాలన్నీ వాయించింది ఏమిటి? 1970లలో అమెరికా నల్లజాతి సంగీతకారులు వాయించి, అమెరికాయే మరిచిపోయిన సంగీతం. ఇన్‌కాగ్నిటో పేరు మోగించిన పాట 1991లో జోసెలిన్ బ్రౌన్ పాడింది. అది 1975 నాటి రానీ లాస్ రికార్డు. ఆ బృందం నాయకుడు బ్లూయీ మానిక్ మారిషస్‌లో పుట్టి లండన్‌లో పెరిగినవాడు. ఈ బృందాల్లోనే ఒకటైన జేమ్స్ టేలర్ క్వార్టెట్‌లో హామండ్ ఆర్గాన్ మోత ఉంది చూడండి, అది 1960ల నాటి అమెరికన్ జాజ్ క్లబ్బుల ఆర్గాన్. ఈ లండన్ కుర్రాళ్లు అమెరికా వెళ్లి గురువుల దగ్గర నేర్చుకున్నారా? లేదు. దిగుమతి రికార్డుల అరల దగ్గర నిలబడి నేర్చుకున్నారు. నార్మన్ జే అనే డీజే అప్పటికి లైసెన్సు లేని కిస్ రేడియోలో అలాంటి మరుగునపడ్డ రికార్డులే ఏరి వినిపించేవాడు. ఆ ఊపులో జాక్సన్ సిస్టర్స్ 1970ల నాటి పాట ఒకటి 1987లో మళ్లీ అచ్చయి బ్రిటన్ చార్టులకు ఎక్కింది. సొంత దేశంలో అడుగున ఉండిపోయిన పాట!

ఇది ఇంకా వెనక్కి పోతుంది. నాతో ఒక ఓడలో లంకషైర్ నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ ఆఫీసరు ఉండేవాడు. వయసులో నాకన్నా పెద్దవాడు, కుర్రతనంలో విగన్ కసీనోకు వెళ్లిన మనిషి. విగన్ ఉత్తర ఇంగ్లండులో గనుల, మిల్లుల ఊరు. 1973 నుంచి 1981 వరకు కసీనో అని పేరున్న అక్కడి పాత డాన్సు హాలులో రాత్రంతా సోల్ రికార్డులు వేసేవారు. మద్యం అమ్మేవారు కాదు. శనివారం అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ముగిసేది. నేల మీద టాల్కం పౌడరు చల్లుకుని, జారుతూ తిరుగుతూ నాట్యం. చివరి మూడు పాటలు ఎప్పుడూ అవే, క్రమం తప్పకుండా. మా ఆఫీసరు వాటి గురించి చెబుతుంటే, మా తాతయ్య సురభి నాటకాల గురించి చెప్పినట్టే ఉండేది.

ఆ హాలులో పలికినవి డెట్రాయిట్, షికాగోల్లో చిన్న చిన్న లేబుళ్లు 1960లలో వేసి, అమ్ముడుపోక గోదాముల్లో పడేసిన రికార్డులు. ఇంగ్లండు వ్యాపారులు విమానమెక్కి వెళ్లి, ఆ గోదాముల్లో దుమ్ము పట్టిన పెట్టెలను గుత్తకు కొని తెచ్చేవారు. ఒక పాట ఎంత అరుదైతే దాన్ని వేసే డీజేకు అంత పరువు. పోటీ డీజేకు పేరు తెలియకుండా లేబుల్ మీద తెల్లకాగితం అతికించి, దొంగ పేరు రాసేవారు. ఫ్రాంక్ విల్సన్ ఉదంతం ఇందుకు పరాకాష్ఠ. ఆయన 1965లో మోటౌన్ అనే డెట్రాయిట్ రికార్డు కంపెనీ కోసం ఒక పాట పాడాడు. గాయకుడిగా కన్నా నిర్మాతగానే నువ్వు మాకు పనికొస్తావని కంపెనీ భావించింది. విడుదల ఆగిపోయింది. అచ్చయిన కాపీలు నాశనమయ్యాయి. మిగిలినవి రెండేనని చాలాకాలం నమ్మారు. ఆ పాట ఇంగ్లండులో ఎడ్డీ ఫాస్టర్ అనే వేరే పేరుతో చలామణి అయింది. 2009లో అందులో ఒక కాపీ 25 వేల పౌండ్లకు పైగా పలికింది. పాడిన మనిషిని పాడనివ్వలేదు, పాడిన ముక్కకు మాత్రం బంగ్లా ధర.

మా వృత్తివాళ్ల గొప్ప కూడా చెప్పుకోనివ్వండి. లివర్‌పూల్ నుంచి న్యూయార్క్‌కు తిరిగే కునార్డ్ కంపెనీ ఓడల నావికులు 1950లలోనే అమెరికా రికార్డులు, గిటార్లు సంచుల్లో తెచ్చి ఊళ్లో అమ్మేవారు. వాళ్లకు కునార్డ్ యాంకీలని పేరు. బీటిల్స్ జార్జ్ హారిసన్ 1961లో తన మొదటి మంచి అమెరికన్ గిటార్‌ను కొన్నది ఒక నావికుడి దగ్గరే. చరిత్ర పుస్తకాల్లో గిటార్ ఫొటో ఉంటుంది, నావికుడిది ఉండదు.

అమెరికా రికార్డుల విషయంలో కొత్తవాళ్లను తికమకపెట్టేవి రెండు. మొదటిది రంధ్రం. అమెరికా సింగిల్స్ మొదట రికార్డులను ఒకదాని తర్వాత ఒకటి తానే మార్చే ప్లేయరు కోసం చేసినవి కాబట్టి మధ్యలో ఒకటిన్నర అంగుళాల రంధ్రం ఉంటుంది. మన ప్లేయరు మీద పెడితే నాట్యం చేస్తుంది. దానికి మూడు కాళ్ల చిన్న ప్లాస్టిక్ బిళ్ల కావాలి. రూపాయి ఖరీదు చేయని ఆ బిళ్ల లేకపోతే వెయ్యి రూపాయల రికార్డు పళ్లెంతో సమానం. రెండోది అట్ట. మూల కత్తిరించి ఉంటుంది, లేదా చిన్న చిల్లు ఉంటుంది. ఎలుక కొట్టిందేమో అనుకుంటారు. కాదు. కంపెనీ అమ్ముడుపోని సరుకును తుక్కు ధరకు వదిలించుకునేటప్పుడు, ఇక దీన్ని పూర్తి ధరకు వాపసు తీసుకోబోమని చెప్పడానికి పెట్టే గుర్తు అది. నా దగ్గర ఉన్న మంచి సోల్ ఎల్పీల్లో సగానికి సగం మూల తెగినవే. అది చూసినప్పుడల్లా అనుకుంటాను, ఇవి పుట్టింటివాళ్లు వద్దనుకున్నవని.

లండన్‌లో నాటింగ్ హిల్ ప్రాంతంలో పాత రికార్డుల షాపు ఒకటుండేది. అక్కడి ధర చీటీలు చూడదగ్గవి. రికార్డు రాగానే ఒక ధర రాస్తారు. కొన్ని వారాలు ఎవరూ కొనకపోతే దాన్ని కొట్టేసి కింద తక్కువ ధర. మళ్లీ కొట్టేసి ఇంకా తక్కువ. ఒక్కో చీటీ మీద నిచ్చెన మెట్లలా అయిదారు అంకెలు. మన పక్కన ఒకడు అదే రికార్డు చేత్తో పట్టుకుని, ఇప్పుడే కొనాలా, ఇంకో పౌండు తగ్గేదాకా ఆగాలా అని ఆలోచిస్తుంటాడు. ఎల్లుండి ఓడ కదిలేవాడికి ఆగే వీలు లేదు. ఆ షాపులో నాకు దక్కినవన్నీ నిచ్చెన పై మెట్టు ధరకే.

ఇక మన దేశానికి వద్దాం. నాట్యకారుడు ఉదయ్ శంకర్ కుమారుడు ఆనంద శంకర్ కలకత్తాలో స్థిరపడ్డ సంగీత దర్శకుడు. 1970లో అమెరికాలో ఒక ఆల్బమ్ చేశాడు, అందులో సితార్, మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం కలిసి పలుకుతాయి. 1975లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ కోసం మరొకటి చేశాడు. తబలా, డ్రమ్స్, బేస్ గిటార్, మీద సితార్. మనవాళ్లకు అది శాస్త్రీయమూ కాదు, సినిమా పాటా కాదు. రేడియోలో నాటకానికీ వార్తలకూ మధ్య ఖాళీ నింపడానికి పనికొచ్చే రకం అనుకున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే రికార్డు లండన్ క్లబ్బుల్లో డీజేలు ఒకరికి తెలియకుండా ఒకరు వెతుక్కునే వస్తువైంది. 1996లో జాజ్‌కు పెట్టింది పేరైన బ్లూ నోట్ లేబుల్ వేసిన ఒక సంకలనంలో అందులోని రెండు పాటలు చోటుచేసుకున్నాయి. ఆ రోజుల్లోనే లండన్ హాక్స్టన్ స్క్వేర్‌లో ఎడ్డీ పిల్లర్ నడిపిన, అదే పేరున్న బ్లూ నోట్ క్లబ్బులో, అవును, అదే యాసిడ్ జాజ్ పిల్లర్, సోమవారం రాత్రులు తల్విన్ సింగ్ తబలాతో కచేరీలు చేసేవాడు. ఆనంద శంకర్ 1998లో బ్రిటన్ వచ్చి కుర్రాళ్లతో కలిసి వేదిక ఎక్కాడు. మరుసటి ఏడాది పోయాడు. కనీసం బతికుండగా చప్పట్లు విన్నాడు.

కలకత్తా పక్కనున్న డమ్‌డమ్‌లో అచ్చయిన ఆ రికార్డును నేను లండన్‌లో చూశాను. గోడకు వేలాడదీశారు. కలకత్తా అని, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అని లేబుల్ మీద రాసి ఉంది. ధర చూసి మళ్లీ గోడకే వదిలేశాను. అది మన రేవుల్లోంచే, ఎవరో ఒకరి సంచిలోనే వెళ్లి ఉండాలి.

దీన్నంతా పొరుగింటి పుల్లకూర రుచి అని తేల్చేసేవాళ్లున్నారు. నాకు ఆ మాట తృప్తినివ్వదు. విగన్ మిల్లు కార్మికుడికి డెట్రాయిట్ పాట నచ్చింది అది పరాయిదని కాదు. డెట్రాయిట్‌లో ఆ వారం అదే వీధిలో ఇరవై పాటలు విడుదలయ్యాయి. రేడియోకు ఒకటే కావాలి, మిగతా పందొమ్మిదీ పెట్టెల్లోకి పోయాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలా ఎందుకవుతుందో ఆ పెట్టెలు చెబుతాయి. పెరట్లో చెట్లు ఎక్కువ. ఓడెక్కి పరాయి ఊళ్లో దిగిన చెట్టు ఒక్కటే కాబట్టి దాని ఆకు ఒక్కొక్కటీ తిప్పి చూస్తారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. కాని ఆ ప్రేమకు వీలు కల్పించింది తుక్కు ధర, మారకపు రేటు, ఖాళీగా ఉన్న సంచి.

అట్లా అని ఈ కథలో అన్యాయం లేదనుకోకండి. తుక్కు ధరకు అమ్మిన రికార్డుల మీద పాడినవాళ్లకు చిల్లిగవ్వ ముట్టలేదు. తర్వాత వాటి ధర వెయ్యి రెట్లు పెరిగినా ఆ లాభం చేతులు మారిన వ్యాపారిదే. మళ్లీ అచ్చయినప్పుడు మాత్రమే, అదీ ఒప్పందం సరిగా ఉంటే, వాళ్లకు కొంత చేరుతుంది. అందుకే నేను ఇప్పుడు కొత్త ముద్రణ దొరికితే పాతదాని జోలికి పోను. సేకరించేవాళ్లకు ఈ మాట రుచించదు, తెలుసు.

ఓడలో వీటిని ఎలా దాచేవారని ఇందాక ఒకరు చీటీ పంపారు. కష్టమే. ఇంజను గది పక్క గోడకు ఆనిస్తే వేడికి అప్పడంలా వంగుతాయి. పడుకోబెడితే కిందివాటి మీద బరువు. అందుకని బట్టల అలమరలో చొక్కాల మధ్య నిలువుగా, అటూ ఇటూ కదలకుండా బిగించి పెట్టేవాణ్ణి. వినడం మాత్రం కుదిరేది కాదు. ఓడ ఊగుతుంటే ముల్లు నిలవదు. సముద్రం ప్రశాంతంగా ఉన్నా ఇంజను అదురు ముల్లుకు తెలుస్తుంది. కొన్నది యొకొహామాలో, విన్నది నెలల తర్వాత విశాఖలో. ఈలోగా అట్ట మీద అక్షరాలన్నీ చదివేసేవాణ్ణి. బేస్ ఎవరు, డ్రమ్స్ ఎవరు, రికార్డు చేసిన ఊరేది. ఇంటికి వచ్చేసరికి ఎవరి వాయిద్యం కోసం వింటున్నానో ముందే తెలిసేది. నాకున్న కాస్త సంగీత జ్ఞానం అలా వచ్చిందే.

ఇంకో చీటీ. "మన తెలుగు, తమిళ రికార్డులు కూడా అలా ఎవరైనా వెతుకుతున్నారా?" వెతుకుతున్నారు. మాంచెస్టర్‌కు సంబంధించిన ఫైండర్స్ కీపర్స్ అనే లేబుల్ 1977 నుంచి 1983 వరకు వచ్చిన ఇళయరాజా పాటలను ఏరి ఒక సంకలనం వేసింది. బొంబాయిలో పుట్టిన ఆశా పుత్లీ 1976లో చేసిన ఒక పాటను న్యూయార్క్ డాన్సు క్లబ్బులు అప్పుడే నెత్తిన పెట్టుకున్నాయి. ఇక్కడ ఆమె పేరు ఎందరికి తెలుసు? చేతులెత్తండి. రెండు. ఫరవాలేదు, నేను అనుకున్నదానికంటే రెండు ఎక్కువ.

మీ అటక మీద 1970లు, 1980ల నాటి సినిమా ఎల్పీలు ఉంటే ముందు వాటిని దించి నిలువుగా పెట్టండి. పాత సామాన్లవాడికి కిలోల లెక్కన ఇవ్వకండి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తని గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. లేబుల్ తడవనివ్వకండి. ముల్లు కొత్తది వేయించండి, అరిగిన ముల్లు గాడిని దున్నేస్తుంది. ప్లేయరు బాగుచేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు. కావలసినవాళ్లు టీ దగ్గర నన్ను అడిగితే చెబుతాను.